స్విచ్చు మీద యాదగిరి చెయ్యి

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు ఎక్కడ కనపడినా నన్ను అడిగేది ఒకటే. "అంకుల్, ఏ సర్టిఫికెట్ చేస్తే మంచిది?" నేను చెప్పే జవాబు వాళ్లకు బొత్తిగా నచ్చదు. ముందు మీ ఆఫీసులో ఎలక్ట్రీషియన్ పేరేమిటో కనుక్కోండి, ఆయనతో కలిసి ఒకసారి చాయ్ తాగండి, సర్టిఫికెట్ సంగతి ఆ తర్వాత చూద్దాం అంటాను. ముసలాయనకు చాదస్తం పట్టిందన్నట్టు వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు.

చాదస్తం కాదు. ఒక దసరా పండగకు నేను వెలగబెట్టిన ఘనకార్యం వల్ల ఒక ఎలక్ట్రీషియన్ ఉద్యోగం ఊడబోయింది. అందులో అతని తప్పు పావువంతు, నా తప్పు ముప్పావు. బయటికి మాత్రం మొత్తం అతనిదే అన్నట్టు కనిపించింది. కనిపిస్తుంటే నేను నోరు మూసుకుని నిలబడ్డాను. ఆ కథ దాచి ఇంకేం చెప్పినా అది కోతలు కోయడమే అవుతుంది.

అసలు నా పనేమిటంటే

నాచారం పారిశ్రామికవాడలో ప్లాస్టిక్ సామాన్ల అచ్చులు తయారుచేసే ఫ్యాక్టరీలో నేను పనిచేశాను. బకెట్టు, మగ్గు, టిఫిన్ డబ్బా, గోడలో బిగించే స్విచ్చుల పెట్టె, మీ ఇంట్లో ఉన్న ఇలాంటి వస్తువులన్నీ ఏదో ఒక ఇనుప అచ్చులోంచి ఊడిపడ్డవే. ఆ అచ్చు తయారు కావాలంటే ముందు కంప్యూటరులో దాని డ్రాయింగు ఉండాలి. ముప్పై ఏళ్ల డ్రాయింగులు ఒక గదిలో, ఒక పెట్టెలో, వరుసగా బిగించిన డిస్కుల మీద ఉండేవి. ఆ పెట్టెనూ, ఆ గదినీ కనిపెట్టుకుని ఉండటమే నా ఉద్యోగం.

నా పేరు సత్తయ్య. ఫ్యాక్టరీలో అందరూ సర్వర్ సత్తన్న అనేవారు. మా బావమరిది పెళ్లిచూపుల్లో ఆ మాట విన్న అవతలివాళ్లు, ఏ హోటలండీ అని నన్ను మర్యాదగా అడిగారు కూడా.

మేడ మీద నీళ్ల ట్యాంకు లాంటి ఉద్యోగమిది. నిండుగా ఉన్నన్నాళ్లు దానివైపు ఎవరూ తలెత్తి చూడరు. నల్లాలో నీళ్లు ఆగిన రోజు మాత్రం ఇంటిల్లిపాదీ మేడెక్కుతారు. మిమ్మల్ని ఎవరూ పొగడటం లేదని బాధపడకండి. ఎవరికీ మీ పేరు గుర్తు రాకపోతే ఆ వారం మీరు బాగా పనిచేసినట్టే.

పక్క డిస్కు

మొదటి ఏడాదే ఒక పాఠం అయింది. డిస్కుల పెట్టెలో ఒక డిస్కు చెడిపోతే మిగతావి దాని బరువు కూడా మోస్తాయి. రెండు పోతే మోయలేవు. ఒకరోజు నాలుగో డిస్కు దగ్గర ఎర్ర దీపం వెలిగింది. కోతికి కొబ్బరికాయ దొరికినట్టు నేను కొత్త డిస్కు పట్టుకుని గదిలోకి పరుగెత్తి, ఐదోది లాగేశాను. పంటి నొప్పికి పోతే పక్క పన్ను పీకిన డాక్టరు పని అన్నమాట. పెట్టె టక్కున ఆగిపోయింది.

నాకు పని నేర్పిన కరీం సాబ్ మౌలాలి నుంచి సైకిల్ మీద వచ్చేవాడు. ఆయన అరవలేదు. లాగిన డిస్కును మళ్లీ అదే చోట పెట్టించి, పెట్టె కోలుకునేదాకా పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"జల్దీ ఏమున్నది బేటా? ఎర్ర దీపం లేచి ఏడికన్న పోతదా? ముందు దాని మీద వేలు పెట్టు. నంబరు బయటికి సదువు. ఆ తర్వాత గుంజు."

ఆ రోజు నుంచి రిటైరయ్యేదాకా ఖాళీ గదిలో ఒక్కణ్ణే ఉన్నా సరే, వేలు పెట్టి నంబరు పైకి చదివాకే డిస్కు లాగాను. బయట వినేవాళ్లు నేను మంత్రాలు చదువుతున్నానని అనుకునేవారు. అనుకోనీ.

పాత ఇంటి తాళంచెవి

డేటా మైగ్రేషన్ అంటే ఏమీ లేదు, ఇల్లు మారడమే. పాత పెట్టె నిండిపోతుంది, ముసలిదవుతుంది. కొత్త పెట్టె కొంటారు. సామాను అటు నుంచి ఇటు చేర్చాలి. ఏదీ పగలకూడదు, ఏదీ మరిచిపోకూడదు.

మేము రామంతాపూర్‌లో అద్దె ఇల్లు ఖాళీ చేసి ఉప్పల్ పక్కన చిలకానగర్‌లో సొంత ఇంటికి మారినప్పుడు మా ఆవిడ సుగుణ ఒక పట్టు పట్టింది. సామాను మొత్తం దింపాం, పాలు పొంగించాం, చుట్టాలు తిని పోయారు. అయినా పాత ఇంటి తాళంచెవి మాత్రం కొంగున కట్టుకుని కూర్చుంది. ఓనరు రెండుసార్లు ఫోన్ చేశాడు.

"ఇచ్చేయరాదే" అన్నాను.

"ఇయ్య. ఈడ నల్లా వస్తదో రాదో సూడాలె. పొయ్యి మీద ఒక పూట అన్నం వండాలె. ఒక రాత్రి పండుకుని లేవాలె. గప్పుడు ఇస్త."

మర్నాడు చూస్తే కొత్త ఇంట్లో నల్లా రాలేదు. పాత ఇంటికి పోయి రెండు బిందెలు తెచ్చుకున్నాం. నేను ఆమెను మెచ్చుకున్నానా? లేదు. పల్లెటూరి చాదస్తమని ఫ్యాక్టరీలో చెప్పి నవ్వాను. నా పనికి కావలసిన పాఠమంతా ఆమె కొంగులోనే ఉందని తెలియడానికి ఇంకో రెండేళ్లు పట్టింది.

బొట్టు పెట్టిన కాగితం

మా ఫ్యాక్టరీ ఏడాదిలో పూర్తిగా మూసి ఉండేది దసరాకే. ముందురోజు ఆయుధపూజ. ఆ ఉదయం అందరూ కొత్త బట్టలు కట్టుకుని వస్తారు. ఎవరి మిషను వాళ్లు కడిగి తుడుస్తారు, బంతిపూల దండ వేస్తారు, పసుపు రాసి కుంకుమ బొట్టు పెడతారు. పూజ చేసేముందు మిషన్లన్నీ ఆపేయడం ఆచారం. పంతులు చెప్పిన ఘడియకు మా యజమాని, మేమంతా పెద్దసార్ అనే ఆయన, తన చేత్తో మళ్లీ స్విచ్చు వేస్తారు. మిషన్లు ఒక్కసారి గుర్రుమని తిరుగుతాయి, చప్పట్లు, పులిహోర.

ఆపే పని ఎలక్ట్రీషియన్ యాదగిరిది. మోత్కూరు వైపు నుంచి వచ్చి మల్లాపూర్‌లో స్థిరపడ్డ మనిషి. నాకంటే నాలుగేళ్లు పెద్ద, ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్ల సర్వీసు. ప్రతి ఏడూ వరుసగా ఒక్కో షెడ్డు స్విచ్చులు ఆపుకుంటూ చివరికి నా గదికి వచ్చేవాడు. అప్పటికే నేను సర్వర్లను పద్ధతి ప్రకారం ఆపి ఉంచేవాణ్ణి. ఆయన గోడమీది స్విచ్చు దించేవాడు, నేను హారతి పళ్లెం పట్టుకునేవాణ్ణి.

ఆ ఏడాది కొత్త స్టోరేజీ పెట్టె వచ్చింది. ఫ్యాక్టరీకి సెలవు కాబట్టి పండగ రోజుల్లోనే సామాను మార్చేద్దామని ముహూర్తం నేనే పెట్టాను. పూజ రోజు పొద్దున ఏడింటికి పని మొదలుపెట్టాను. ఇక్కడ నా తెలివి వినండి. ఫైలును కొత్త పెట్టెలోకి కాపీ చేసి, పాత పెట్టెలో అలాగే ఉంచవచ్చు. నేను మాత్రం ఒక్కో ఫైలు అటు చేరగానే ఇటు చెరిగిపోయేటట్టు పెట్టాను. పాతది ఖాళీ అవుతుంటే పని ఎంత అయిందో ముచ్చటగా కనపడుతుంది కదా! అంటే సామాను లారీ ఎక్కుతుండగానే వెనక పాత ఇంటి గోడలు కూలగొట్టించాను. కొత్త పెట్టెలో కరెంటు పోయినా కాసేపు కాపాడే చిన్న బ్యాటరీ ఉంటుంది. గదికంతటికీ కరెంటు నిలిపే పెద్ద బ్యాటరీల బీరువా ఎలాగూ ఉంది కదా, ఈ చిన్నదాన్ని సాయంత్రం బిగిద్దాంలే అని అట్టపెట్టెలోనే ఉంచాను.

ఇక ఈసారి సర్వర్లు ఆపేది లేదు కాబట్టి, కాగితం మీద పెద్ద అక్షరాలతో, ఎర్ర రంగులో, ఆపవద్దు, పని జరుగుతోంది అని ప్రింటు తీసి స్విచ్చు పక్కన అంటించాను. అచ్చమైన ఇంగ్లీషులో. యాదగిరికి తెలుగు తప్ప చదవడం రాదని నాకు పదిహేనేళ్లుగా తెలుసు. గదికి ఇరవై అడుగుల దూరంలో ఆయన బంతిపూలు గుచ్చుతున్నాడు. పిలిచి ఒక మాట చెప్పవచ్చు. ఆ గది నా రాజ్యమనీ, రాజుగారు నోటీసు వేస్తే చాలనీ అనుకున్నాను.

పదిన్నరకు గేటు దగ్గర బూడిద గుమ్మడికాయ కొడుతున్నారంటే వెళ్లాను. పులిహోర దొప్ప చేతికొచ్చింది. సాయంత్రానికి మొత్తం అయిపోతుందని అందరికీ గొప్పలు చెబుతున్నాను. అంతలో యాదగిరి చేతులకు అంటిన పసుపు తుడుచుకుంటూ వచ్చాడు.

"సత్తన్నా, ఈసారి బందు జేసుడు మర్చినట్టున్నవ్. దీపాలు టిక్కు టిక్కు అంటున్నయ్. నేనే జేసిన. గా బ్యాటరీల బీరువా గుడ మిషనే గదా, దాన్ని గుడ బందు జేసి బొట్టు వెట్టిన. పెద్దసార్ మళ్ల షురూ జేసిండు."

దొప్ప ఎక్కడ పడేశానో నాకు గుర్తులేదు. గదిలోకి పరుగెత్తాను. నా ఇంగ్లీషు నోటీసు అక్కడే ఉంది. నాలుగు మూలలా పసుపు, నడుమ కుంకుమ బొట్టు, పైన చిన్న పూలదండ. అంత భక్తితో నా నోటీసును జీవితంలో ఇంకెవరూ చూడలేదు.

చెయ్యి లేపు

తెర మీద చూస్తే కొత్త పెట్టెలో ఫైళ్ల పేర్లన్నీ ఉన్నాయి. ఒక్కటీ తెరుచుకోదు. ఎక్కడ ఏం పెట్టిందో రాసుకునే పట్టికే కరెంటు దెబ్బకు చెడిపోయింది. పైన పటారం లోన లొటారం. పాత పెట్టెలో అప్పటికే సగానికి పైగా చెరిగిపోయింది. పండగ తర్వాత సోమవారం పొద్దున మిషన్లు తిరగాలంటే ఆ డ్రాయింగులే కావాలి.

నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఆడనప్పుడు ఊరుకోవాలి కదా, చేతులు మాత్రం ఆడించాను. కొత్త పెట్టెలో ఉన్నదేదో మళ్లీ పాత పెట్టెలోకే తిప్పి పోసేద్దామని మొదలుపెట్టబోయాను. వెనక నుంచి గాజుల చప్పుడు. డిజైన్ సెక్షన్‌లో డ్రాయింగులు గీసే స్వరూప. పట్టుచీర కట్టుకుని ప్రసాదం తెచ్చింది. నా ముఖం చూసి విషయం అడిగింది. చెప్పాను.

"చెయ్యి తీయి సత్తన్నా."

"ఆగు చెల్లె, ఒక్కసారి ఇది తిప్పి పోస్తే..."

"తీయమంటున్న గదా! మేము గీసేటప్పుడు తప్పు గీత పడితే ముందు చెయ్యి లేపుతం. గీత మీద గీత గీస్తే కింద ఉన్నది గుడ కనవడకుంట పోతది."

ఆమెకు డిస్కుల గురించి తెలియదు. కానీ ఆమె చెప్పింది అక్షరాలా నిజం. డిస్కు మీద ఫైలు చెరిపితే పోయేది పేరు మాత్రమే. లోపలి సరుకు ఇంకా అక్కడే ఉంటుంది, దాని మీద కొత్తది రాసేదాకా. నేను తిప్పి పోసి ఉంటే ఆ సరుకును నా చేత్తో నేనే తుడిచేసేవాణ్ణి. ఈ సంగతి నాకు తెలియదా? తెలుసు. పదిమందికి క్లాసు చెప్పేటంత తెలుసు. భయం పట్టినప్పుడు తెలివి ముందుగా గేటు దాటి పోతుంది. అందుకే పక్కన భయం పట్టని మనిషి ఒకరుండాలి. రెండు పెట్టెలనూ ఆపేసి, చేతులు కట్టుకుని కూర్చున్నాను.

గుమ్మడికాయ ముక్కలు

మధ్యాహ్నానికి పెద్దసార్‌కు తెలిసింది. ఆయన ముందు తరం అదే నేలలో జొన్న పండించిన రైతులు. కోపమొస్తే అరవరు, కళ్లద్దాలు తీసి ధోవతి అంచుతో తుడుస్తారు. ఆ రోజు చాలాసేపు తుడిచారు. గేటు ముందు అందరం నిలబడి ఉన్నాం.

"ఎవడు బందు జేసిండు?"

పొద్దున కొట్టిన గుమ్మడికాయ ముక్కలు ఇంకా మా కాళ్ల దగ్గరే ఉన్నాయి. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవలసినవాణ్ణి నేను. కానీ చెయ్యెత్తింది యాదగిరి.

"నేనే సార్. నడుస్తున్నదని ఎరుక లేకపాయె."

"కాయితం గూడ అంటిచ్చిండట గదా? కండ్లు లేవా?"

యాదగిరి తల దించుకున్నాడు. అంతమందిలో, ఇంగ్లీషు చదవడం రాదు సార్ అనడానికి ఆయనకు సిగ్గు. అనాల్సింది నేను. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

"పండుగ అయినంక గేటుకు రాకు" అని చెప్పి పెద్దసార్ కారెక్కారు.

ఇప్పుడు చెబుతుంటే కూడా సిగ్గుగానే ఉంది. యాదగిరి భార్యకు కిడ్నీ జబ్బు. మందులన్నీ ఆయన ఈఎస్ఐ కార్డు మీదనే వస్తాయి. ఉద్యోగం పోతే కార్డు పోతుంది. ఆ వయసులో ఇంకో ఫ్యాక్టరీ గేటు ఆయనకు తెరుచుకోదు. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసే నోరు విప్పలేదు.

నాలుగేళ్ల పచ్చని టిక్కు

నా ధైర్యమంతా బ్యాకప్ మీద ఉంది. ప్రతి వారం డ్రాయింగులన్నీ విడిగా ఒక డిస్కు మీదికి కాపీ అయ్యేవి. ప్రతి సోమవారం తెర మీద పచ్చని టిక్కు వచ్చేది. దాన్ని చూసి నేను చాయ్‌కి పోయేవాణ్ణి. డేటా తిరిగి వచ్చేస్తే పెద్దసార్ కోపం చల్లారుతుంది, యాదగిరి ఉద్యోగం నిలబడుతుంది, నేను నోరు విప్పనక్కరలేదు. ఎంత చక్కటి పథకమో చూడండి!

అదే సాయంత్రం ఆ డిస్కు తెరిచాను. అందులో ఒక్క డ్రాయింగు లేదు. నాలుగేళ్ల ఆయుధపూజ ఫోటోలు ఉన్నాయి.

ఎలాగంటే, నాలుగేళ్ల కిందట డ్రాయింగుల ఫోల్డరును వేరే చోటికి మార్చింది నేనే. బ్యాకప్‌కు ఆ కొత్త చోటు చెప్పడం మరిచిపోయాను. ఖాళీగా ఉన్న పాత ఫోల్డరులో ఆఫీసువాళ్లు పండగ ఫోటోలు వేసుకున్నారు. బ్యాకప్ పాపం నేను చెప్పిన చోటును నమ్ముకుని ప్రతి వారం ఆ ఫోటోలనే భద్రంగా దాచింది. ఆ పచ్చని టిక్కు అబద్ధం చెప్పలేదు. నేనే దాన్ని ఏం దాచావని ఒక్కసారీ అడగలేదు.

ఫోటోలు చూస్తూ కూర్చున్నాను. మొదటి ఏడాది ఫోటో: నా గదిలో గోడమీది స్విచ్చు మీద యాదగిరి చెయ్యి, పక్కన హారతి పళ్లెంతో నేను. రెండో ఏడాదీ అదే. మూడో ఏడాదీ అదే. నాలుగోదాంట్లో నేను బొటనవేలు పైకెత్తి మరీ నవ్వుతున్నాను. ఆయుధపూజ రోజు యాదగిరి ఆ స్విచ్చు ఆపుతాడని ఫ్యాక్టరీలో అందరికంటే బాగా తెలిసినవాడు ఎవరో ఆ ఫోటోలో పళ్లు ఇకిలిస్తున్నాడు.

ఆ డిస్కు నా ఒక్కడి దగ్గరే ఉంది. ఒక్క మీట నొక్కితే ఫోటోలు చెరిగిపోతాయి. వేలు దాని మీద పెట్టాను కూడా. నొక్కలేదు, తీయలేదు. డిస్కు జేబులో వేసుకుని ఇంటికి వచ్చేశాను.

జమ్మి

మర్నాడు దసరా. సాయంత్రం జమ్మి తెచ్చుకుని పెద్దలకు పెట్టి, తోటివాళ్లను కావలించుకుని అలయ్ బలయ్ తీసుకోవడం మా వైపు ఆచారం. నేను ఎటూ పోలేదు, కడుపులో బాగాలేదని చెప్పి పడుకున్నాను. తలుపు దగ్గర యాదగిరి గొంతు వినపడింది.

మల్లాపూర్ నుంచి చిలకానగర్ దాకా వచ్చాడు. నా చేతిలో జమ్మి ఆకు పెట్టి, గట్టిగా కావలించుకున్నాడు.

"సత్తన్నా, నా చెయ్యి వడి నీ పని ఖరాబైంది. ఇన్నేండ్ల దోస్తాన్ మనది. మనసుల వెట్టుకోకు."

సుగుణ చాయ్ తెచ్చేలోపే ఆయన వెళ్లిపోయాడు. జమ్మి ఆకు చొక్కా జేబులో పెట్టుకుని, మెట్ల మీద కూర్చుని, ఆమెకు మొత్తం చెప్పాను.

"కొత్తింట్ల నల్లా సూడకుంటనే పాతింటి తాళంచెవి పారేసినవన్నట్టు."

"అవును."

"గది పోనీ. తప్పు నీది వెట్టుకుని ఆయన తోని మాఫీ అడిగిచ్చుకున్నవా? రేపు పొద్దుగాల పో. పోకుంటె నేనే పోత, ఫోటోలు వట్టుకుని."

పోతుంది కూడా. ఆమె సంగతి నాకు తెలుసు.

కాడి మీది ఎద్దు

పెద్దసార్ ఇంటి వరండాలో ఫోటోలు ఒక్కొక్కటే చూపించాను. కాపీ ఎలా పెట్టానో, బ్యాటరీ ఎక్కడ ఉందో, నోటీసు ఏ భాషలో ఉందో, బ్యాకప్‌లో ఏముందో అన్నీ చెప్పాను. ఆయన అద్దాలు తుడిచారు. మళ్లీ తుడిచారు.

"మొన్న ఎందుకు చెప్పలే? నోట్లె పులిహోర ఉండెనా?"

"భయమైంది సార్."

"మా నాయన పండుగకు ఎడ్లకు బొట్టు వెడితె, ముందు కాడి ఇప్పెటోడు. కాడి మీద ఉన్న ఎద్దుకు పూజ జేస్తరా ఎవరన్న? నీ ఎద్దు మీద కాడి ఉన్నదని యాదగిరికి చెప్పాల్సింది ఎవరు?"

"నేనే సార్."

"నిన్ను తీసేస్తె పోయిన బొమ్మలు తెచ్చెటోడు లేడు. లేకుంటె ఈ పాటికి గేటు బయట ఉందువు. పో, యాదగిరిని నువ్వే తోలుకరా. ఇగ నుంచి ఆ గదిల ఏ పని షురూ జేసినా ముందుగాల యాదగిరికి తెలుగుల చెప్పు. ఆయన సరే అన్నంకనే ముట్టు."

స్కూటరు మీద మల్లాపూర్ పోయాను. నేను చెబుతున్నంతసేపూ యాదగిరి నేలవంక చూస్తూ కూర్చున్నాడు. ఆయన భార్య చాయ్ ఇచ్చింది. ఆయన మెల్లగా ఒక్కో గుక్కా తాగాడు. తిట్టినా బాగుండేది. చివరికి గ్లాసు కింద పెట్టి చెయ్యి చాచాడు.

"నా జమ్మి నాకు వాపస్ ఇయ్యి."

జేబులోంచి తీసి ఇచ్చాను. వాడిపోయింది. ఆయన దాన్ని చూసి, నన్ను చూసి, నవ్వాడో ఏడ్చాడో తెలియని ముఖం పెట్టాడు. తర్వాత మళ్లీ నా జేబులోనే కుక్కాడు.

"ఉంచుకో. మల్ల గిట్ల జేస్తె మాత్రం సంగతి చెప్త."

పేర్లు లేని బొమ్మలు

పాత డిస్కులను ముట్టకుండా, ముందు వాటికి అచ్చుగుద్దినట్టు నకళ్లు తీసుకుని, ఆ నకళ్ల మీదనే చెరిగినవాటిని వెతికించాను. నాలుగు వేలకు పైగా ఫైళ్లు దొరికాయి. అయితే పేర్లు పోయాయి. ఒకటి, రెండు, మూడు అని నంబర్లు మాత్రమే ఉన్నాయి. ఏది బకెట్టో ఏది మూతో నాకు అంతుపట్టదు.

స్వరూప ఒక్కోటి తెరిచి చూసి చెప్పేది. "ఇది టిఫిన్ డబ్బా పిడి. ఇది నేను గీసిందే, ఈ మూల మీద మూడుసార్లు తిట్టు తిన్న." స్విచ్చుల పెట్టెల దగ్గరికి వచ్చేసరికి ఆమె కూడా ఆగిపోయింది. అన్నీ ఒకేలా ఉన్నాయి, చతురస్రాలు, బెజ్జాలు. వెనక నిలబడ్డ యాదగిరి ముందుకు వంగాడు.

"ఇది ఆరు స్విచ్చులది. ఇది ఫ్యాన్ రెగ్యులేటర్ వడేది. ఇది మోటరు స్టార్టర్ పెట్టె, గందుకే కింద పెద్ద బెజ్జం, లావు వైరు వోవాలె గదా."

ఇరవై ఏళ్లుగా అలాంటి పెట్టెలు గోడల్లో బిగించిన చెయ్యి అది. నా ఇంగ్లీషు నోటీసు చదవలేదని నా వల్ల నింద పడిన మనిషి, నేను చదవలేని బొమ్మలను గడగడా చదివేశాడు. ఆయన చెబుతుంటే నేను పేర్లు టైపు చేశాను. సోమవారం కావలసిన డ్రాయింగులు సోమవారానికి తయారయ్యాయి. మిగతావాటికి పదిరోజులు పట్టింది. పదకొండు డ్రాయింగులు ఎప్పటికీ దొరకలేదు. వాటి అచ్చులను స్వరూప స్వయంగా కొలిచి మళ్లీ గీసింది. గీస్తున్నన్ని రోజులూ నా చేత చాయ్ తెప్పించుకుంది.

ఇక మీకు చెప్పేది

పెద్దగా ఏమీ లేదు. సామాను చేరిందని తెర చెబితే నమ్మకండి, తెరిచి చూడండి. బ్యాకప్ ఉందని నాలాంటివాడు చెబితే అసలే నమ్మకండి, నెలకొకసారి ఏదో ఒక ఫైలు వెనక్కి తెచ్చి చూపించమనండి. కొత్త ఇంట్లో అన్నం వండుకుని తినేదాకా పాత ఇంటి తాళంచెవి ఎవరికీ ఇవ్వకండి. పని చెడినప్పుడు ముందు చెయ్యి లేపండి. తప్పు మీదైతే ఆ చెయ్యే పైకి ఎత్తండి, పక్కవాడు ఎత్తకముందే. నాకు ఈ చివరిది నేర్చుకోవడానికి రెండు రోజులు ఆలస్యమైంది. ఆ రెండు రోజులు యాదగిరి భార్య ఏమనుకుని పడుకుందో నేను ఇప్పటికీ అడగలేకపోయాను.

నేను రిటైరై రెండేళ్లయింది. యాదగిరి వయసు దాటినా ఆయన్ను పెద్దసార్ వదలలేదు, ఇంకా పిలిపించుకుంటున్నారు. నా గదిలో ఇప్పుడు వేరే అమ్మాయి పనిచేస్తోంది, నాకంటే జాగ్రత్తపరురాలు. అయినా మొన్న ఆయుధపూజ రోజు పొద్దున నా ఫోన్ మోగింది. వెనక గంటల చప్పుడు, పంతులు మంత్రాలు.

"సత్తన్నా, స్విచ్చు మీద చెయ్యి వెట్టిన. బందు జేయాల్నా?"

"నేను రిటైరైన గద యాదన్నా. ఆ అమ్మాయిని అడుగు."

"ఆమెను అడిగిన. సరే అన్నది. నిన్ను గుడ అడగాలె గద."

ఆయన చెయ్యి తీయకుండా అలాగే నిలబడి ఉన్నాడని నాకు తెలుసు.

"జెయ్యి యాదన్నా" అన్నాను.